మూడో అంతస్తులో ముగ్గురం

అల్ మవాలే, మస్కట్
12 ఏప్రిల్ 2020, ఈస్టరు ఆదివారం

సువార్తమ్మ వదినగారికి,

ఇక్కడ ఇరుక్కుపోయిన మీ వియ్యపురాలు మేరీకుమారి వందనాలు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. ఫోనులో గట్టిగా అరిస్తే తప్ప మీకు వినపడదు. నేనరిస్తే ఈ రెండు గదుల్లో పిల్లలిద్దరికీ ప్రతి మాటా వినపడుతుంది. అందుకని చిన్నదాని రూళ్ళ పుస్తకంలో రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. అలా పెట్టడం నేర్పింది కెజియానే. దానికి పదమూడేళ్ళొచ్చినా తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు కాబట్టి భయం లేదు. మీరూ ఇలాగే రాయండి.

మొన్న శుక్రవారం నుంచి మస్కట్ మొత్తం మూసేశారు. రోడ్ల మీద పోలీసులు. మార్చి ఇరవయ్యెనిమిదిన నా తిరుగు ప్రయాణమని మీకు తెలుసు. విమానాలే లేవు. మా సెలిన్‌కి ఆస్పత్రిలో కరోనా వార్డులో డ్యూటీ వేశారు. ఇంటికొస్తే మాకంటుతుందని అజైబాలో నర్సులకిచ్చిన గదిలోనే ఉంటోంది. అజైబా ఇక్కడికి కారులో పావుగంట. ఆ పావుగంట దూరంలో ఉన్న కూతుర్ని చూసి ఇరవై రోజులయింది. ఇక మీ అబ్బాయి లెవి ఉన్నది రైసూత్ పోర్టులో, వెయ్యి కిలోమీటర్ల అవతల. మస్కట్‌లోకి ఎవర్నీ రానివ్వడం లేదు. కాబట్టి ఈ మూడో అంతస్తులో మేం ముగ్గురం: నేను, కెజియా, ఆరేళ్ళ జెమీమా.

పొద్దున్న పిల్లల్ని కూర్చోబెట్టి నేనే ఈస్టరు ప్రార్థన చేశాను. జెమీమా కళ్ళు తెరిచి, "యేసయ్య బయటికొచ్చేశాడు కదా అమ్మమ్మా, మనమెప్పుడొస్తాం?" అంది. నేను "ఆమెన్" అనేశాను.

వంటగది కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ, ఏసీ పెట్టెలు. హాలు కిటికీలోంచి కింద కార్లు కనిపిస్తాయి. ఒక్కటీ కదలదు. వాటి మీది దుమ్ములో పిల్లి అడుగులు. కొట్టువాడు సరుకులు తలుపు బయట పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోతాడు, మేం తలుపు తీసేసరికి మనిషి ఉండడు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పిల్లలతో వేగాను వదినగారూ. సాయంత్రం గంట కొడితే వాళ్ళు వాళ్ళిళ్ళకి, నేను మా ఇంటికి. గంట లేని బడి ఇదే చూడ్డం.

మీ మోకాలు ఎలా ఉంది?

మేరీకుమారి

*

ఆచంట
17 ఏప్రిల్ 2020

మేరీకుమారి వదినగారికి,

సువార్తమ్మ రాస్తున్నానండి. తప్పులుంటే ఏమనుకోకండి, నేను మీలా పంతులమ్మని కాదు. మోకాలు పర్వాలేదు. కర్ర పట్టుకుని గుమ్మందాకా వస్తున్నాను. ఇక్కడా గుమ్మం దాటనివ్వట్లేదు లెండి.

ఒక మాట మనసులో పెట్టుకోవడం నావల్ల కాదండి. ఆ వీసా ముందు నా పేరున తీద్దామనుకున్నాడు లెవి. నాకు ఆపరేషను పడింది, మీరు వెళ్ళారు. దానికి నేనేమీ అనట్లేదు. కానీ మనవరాళ్ళని రోజంతా కళ్ళెదురుగా పెట్టుకుని గంట లేని బడి అన్నారు చూడండి, నాకు చివుక్కుమంది. జెమీమా పుట్టి ఆరేళ్ళయింది. దాన్ని నేను ఎత్తుకున్నది మొత్తం పదకొండు రోజులు. మీకు బరువైనది ఇక్కడ నేను అడిగినా దొరకదు.

కెజియాకి చేపల పులుసు ఇష్టం. ముళ్ళు తీసి పెట్టండి. పెద్దదయిందని తనే తీసుకుంటానంటుంది, నమ్మకండి.

సువార్తమ్మ

*

అల్ మవాలే
3 మే 2020

వదినగారికి,

మీ ఉత్తరం చదివి రెండు వారాలు ఊరుకున్నాను. మీ మాటలో తప్పు లేదు. నా మాటలోనూ లేదు. మీరు పదకొండు రోజులు ఎత్తుకున్నారు, నేను ఎనభై రోజులుగా దించలేదు. రెండూ కష్టమే.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. సెలిన్‌కి చెబితే డ్యూటీలో దిగులు పడుతుంది.

కెజియా తీరు మారింది. వారం క్రితందాకా నాతో వాదించేది, చెల్లెల్ని ఏడిపించేది, తిట్లు తినేది. పిల్లంటే అలాగే ఉండాలి. ఇప్పుడు ఏం చెప్పినా "సరే అమ్మమ్మా" అంటుంది. అన్నం కెలికి లేస్తుంది. సెలిన్ పాత ఫోనొకటి దానికిచ్చారు కదా, దాన్ని పట్టుకుని బాత్రూములో దూరుతుంది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గుసగుసలు. ఎవరితో అని అడిగితే "క్లాస్‌మేట్" అంది. నా మొహంలోకి చూడకుండా అంది. నిన్న తలుపు దగ్గర నిలబడి విన్నాను. "ఐ ప్రామిస్, ఎవరికీ చెప్పను" అంటోంది.

పదమూడేళ్ళ పిల్ల ఎవరికీ చెప్పకూడని మాట ఎవరితో మాట్లాడుతుంది వదినగారూ? నేను బళ్ళో చూడని వ్యవహారం కాదిది. అక్కడైతే తల్లిని పిలిపించేదాన్ని. ఇక్కడ ఎవర్ని పిలిపించను?

రంజాన్ నెల. ఎదురింటి సుగ్రా బేగం గారు సాయంత్రం ఖర్జూరాలు, పకోడీలు తలుపుకి తగిలించి వెళ్తున్నారు. హైదరాబాదు పాతబస్తీ ఆవిడ, తెలుగు కొంచెం వచ్చు. ముక్కూ మూతీ కప్పుకుని వరండా అవతల నుంచే పలకరిస్తారు. ఈ బిల్డింగులో నేనెరిగిన మొహం అదొక్కటే, అదీ సగం.

మేరీకుమారి

*

ఆచంట
6 మే 2020

వదినగారికి,

చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదండి. ఆ ఫోను ముందు లాగెయ్యండి. మా వీధి చివర పిల్ల ఒకత్తి ఇలాగే ఫోనులో గుసగుసలాడి, చివరికి ఎవడో భీమవరం కుర్రాడని తేలింది. కెజియా మంచి పిల్లే. ఆ వయసు మంచిది కాదు.

సెలిన్‌కి చెప్పకపోవడమే మంచిపని. లెవికి నేనూ చెప్పను, వాడికి కోపమెక్కువ. మీరు మెత్తబడకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది. తర్వాత మీకే దణ్ణం పెడుతుంది.

నేనే అక్కడుంటే దాన్ని పక్కలో పడుకోబెట్టుకుని మెల్లిగా అడిగేదాన్ని. మీకు అలాంటివి అలవాటు లేదని తెలుసు. పోనీ మీ పద్ధతిలోనే చెయ్యండి.

సువార్తమ్మ

*

అల్ మవాలే
12 మే 2020

వదినగారికి,

మీరన్నట్టే చేశాను. తొమ్మిదో తారీకు శనివారం మధ్యాహ్నం ఫోను తీసుకుని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు క్లాసులు లాప్‌టాప్‌లో వింటుంది, నేను పక్కనే కూర్చుంటున్నాను.

అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ముందు బతిమాలింది. "అమ్మమ్మా, రోజుకి అయిదు నిమిషాలివ్వు, నీ ఎదురుగానే మెసేజ్ పెడతాను" అంది. ఎవరికో చెప్పు, ఇస్తానన్నాను. నోరు తెరిచింది, మూసేసింది. "నీ బీపీ బిళ్ళలు వేసుకున్నావా?" అని అడిగింది. మాట మారుస్తోందని మరింత మండింది నాకు. చెయ్యి పట్టుకుంటే నా చెయ్యి కొరికింది వదినగారూ. కొరికి, తనే భయపడి, గోడకి జరిగి నిలబడింది. ఆ గాటు ఇంకా ఉంది.

ఆ తర్వాత నుంచి మాట లేదు. చెల్లెలికి జడ వేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, చెత్త సంచి తీసుకెళ్ళి మెట్ల దగ్గర డబ్బాలో పడేస్తుంది. చెప్పకుండానే అన్నీ చేస్తుంది. ఇంట్లో పనిమనిషి తిరుగుతున్నట్టుంది. బయట నలభై రెండు డిగ్రీలు, కిటికీ తియ్యడానికి లేదు. ఏసీ మోత తప్ప చప్పుడు లేదు. వంటగది నుంచి హాలుకి పదకొండు అడుగులు. రోజుకి ఎన్నిసార్లు వేస్తానో నాకే తెలియదు.

సెలిన్ అయిదు రోజులుగా ఫోను చెయ్యడం లేదు. "డ్యూటీ ఎక్కువ అమ్మా, మాట్లాడలేను" అని రెండు ముక్కలు మెసేజ్ పెడుతుంది. లెవి నా ఫోను ఎత్తడమే లేదు. నేనేం తప్పు చేశాను? మీకు చేస్తున్నాడా?

మేరీకుమారి

*

ఆచంట
14 మే 2020

వదినగారికి,

లెవి బాగానే ఉన్నాడండి. పోర్టులో పని ఎక్కువట. కెజియాకి ఫోను ఇచ్చెయ్యండి. నేను తొందరపడి రాశాను. పిల్ల చదువు పాడవుతుంది. ఇచ్చెయ్యండి వదినగారూ, నా మాట వినండి. ఇవాళే ఇచ్చెయ్యండి. ఇంక రాయలేను, మోకాలు నొప్పిగా ఉంది.

సువార్తమ్మ

*

అల్ మవాలే
19 మే 2020

సువార్తమ్మగారికి,

పద్నాలుగున మీరు రాసిన నాలుగు ముక్కలూ చదివి నాకు ఒళ్ళు మండింది. లాక్కోమన్నదీ మీరే, ఇచ్చెయ్యమన్నదీ మీరే. నేను మీ మనవరాలిని పాడు చేస్తున్నానని లెవి ఏదో అని ఉంటాడనుకున్నాను. ఫోను ఇవ్వలేదు. మీరు ఇచ్చెయ్యమన్నారనే ఇవ్వలేదు.

నిన్న మధ్యాహ్నం జరిగింది వినండి. జెమీమా నిద్రపోతోంది. కెజియా చెత్త సంచి పట్టుకుని వెళ్ళింది. పావుగంటయినా రాలేదు. తలుపు తీసి వరండాలోకి వచ్చాను. చెప్పులు కూడా వేసుకోలేదు. మార్చి తర్వాత నేను గడప దాటడం అదే. మెట్ల దగ్గర లేదు. కిందికి వంగి పిలిచాను, పలకలేదు. వెనక్కి తిరిగితే సుగ్రా బేగం గారి తలుపు ఓరగా ఉంది, బయట కెజియా చెప్పులు.

తోసుకుని వెళ్ళాను. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. కెజియా కిటికీ దగ్గర, అటు తిరిగి, ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని అంటోంది: "ఇవాళ ఎంత? నిన్న తొంభై ఒకటి అన్నావు కదా. అబద్ధం చెప్పకు."

మార్కుల సంగతనుకున్నాను. నా తెలివి చూడండి.

సుగ్రా బేగం గారు లేచి నిలబడ్డారు. "మీకు మాలూమ్ అనుకున్నాను అమ్మా. సెలిన్ డ్యూటీలో లేదు. అదే ఆస్పత్రిలో మంచం మీద ఉంది. ఆక్సిజన్ పెట్టారు. పాప రోజూ వచ్చి మాట్లాడి పోతుంది. మీ దగ్గర ఫోన్ ఖరాబ్ అయిందని చెప్పింది."

కెజియా నన్ను చూసింది. ఫోను నాకిచ్చేసింది.

"అమ్మా," అంది సెలిన్. ఆగింది. గాలి పీల్చుకుంది. "బీపీ బిళ్ళ... వేసుకున్నావా?"

అంతే మాట్లాడగలిగింది. తర్వాత అక్కడి నర్సెవరో తీసుకుని, ఇప్పుడు కాస్త నయం, ఎక్కువ మాట్లాడించకండి అంది.

ఇంటికొచ్చి బీరువా తీశాను. ఫోను చార్జింగు పెట్టాక ఒక్కొక్కటే వచ్చాయి. మొదటి నాలుగు రోజులవి పద్నాలుగు మెసేజీలు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి. "కెజీ, తిన్నావా?" "కెజీ, ఎందుకు పలకట్లేదు, కోపమా?" "ఇవాళ ఆక్సిజన్ పెంచారు, భయపడకు." "ఒక్క మాట పెట్టు తల్లీ." అయిదో రోజుకి పిల్ల ఎదురింటికి దారి వెతుక్కుంది.

ఏప్రిల్ ఇరవయ్యారున సెలిన్ దానికి చెప్పిందట. నాకు చెబితే బీపీ పెరిగి పడిపోతానని, చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో, తనకేమన్నా అయితే ఎవరికి ఫోను చెయ్యాలో కూడా దానికే చెప్పింది. ఆ మాటలు వింటున్న పిల్లనే నేను తలుపు పక్కన నిలబడి కనిపెట్టింది.

లెవికి తెలుసని కెజియా చెప్పింది. మీకూ తెలుసా? ఆ నాలుగు ముక్కలూ నిన్న మళ్ళీ చదివాను. అవునో కాదో, ఒక్క ముక్క రాయండి చాలు.

మేరీకుమారి

*

ఆచంట
21 మే 2020

వదినగారికి,

అవునండి. తెలుసు.

ఏడో తారీకు సాయంత్రం లెవి ఫోను చేశాడు. నా కొడుకు ఏడవడం వాళ్ళ నాన్న పోయిన రోజు తర్వాత మళ్ళీ అప్పుడే విన్నాను. సెలిన్‌కి ఊపిరి ఆడట్లేదు, ఆక్సిజన్ పెట్టారు అన్నాడు. అత్తయ్యకి తెలిసి పడిపోతే అక్కడ పిల్లల దగ్గర మరో మనిషి లేదమ్మా, చెప్పావంటే నా మీద ఒట్టే అన్నాడు. నేను రాసిన ఉత్తరం అంతకు ముందురోజే మీకు చేరింది. నా చేతులతో నేనే రాశాను, ఫోను లాగెయ్యమని, మెత్తబడకండని.

మీరు మెత్తబడి ఉంటారులే అనుకున్నాను. లాక్కున్నానని, కొరికిందని మీరు రాసింది చదివి, దేవుడి ముందు కూర్చున్నాను కానీ ప్రార్థన రాలేదండి. రెండు రోజులు రాయడం, చింపెయ్యడం. ఎందుకివ్వాలో చెప్పకుండా ఇచ్చెయ్యమంటే మీరెందుకిస్తారు? తెలిసీ అదే పంపాను. ఒట్టు తప్పి చెప్పేసి ఉంటే పిల్లకి అన్ని రోజుల బాధ తప్పేది. నాకు ధైర్యం చాలలేదు.

ఇంకోటి కూడా రాసేస్తాను, తర్వాత మీరు నన్ను ఏమన్నా సరే. ఆ ఇంటి సంగతి ఎప్పుడూ మీకే ముందు తెలుస్తుంది. నెల తప్పిందన్నా, పిల్లకి పన్నొచ్చిందన్నా, మీకు తెలిసిన వారానికి నాకు తెలుస్తుంది. ఈసారి నాకు తెలుసు, మీకు తెలీదు. సెలిన్ అలా ఉంటే కూడా, లోపల ఎక్కడో ఆ మాట అనుకున్నానండి. అనుకున్నానని తెలిసి నాకే అసహ్యమేసింది.

నా తరఫున కెజియాని క్షమించమని అడగకండి.

సువార్తమ్మ

*

అల్ మవాలే
29 జూన్ 2020

వదినగారికి,

మీ ఉత్తరానికి నెల దాటినా జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. సెలిన్ సంగతి లెవి ద్వారా మీకు తెలుస్తూనే ఉంది కాబట్టి ఊరుకున్నాను. మూడో తారీకున ఆస్పత్రి నుంచి వదిలారు. అజైబా గదిలో ఇంకొన్నాళ్ళుంచి, పద్నాలుగున ఇంటికి పంపారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. జుట్టు ఊడుతోంది. కానీ నా ఎదురుగా ఉంది.

మీరు ఆఖర్న రాసింది చదివాక మీ మీద కోపం నిలవలేదు. నాకూ అలాంటిదే ఒకటుంది. ఆ రోజు బీరువాకి తాళం వేసినప్పుడు నాకు బాగుంది వదినగారూ. మూడు నెలల్లో ఈ ఇంట్లో నా చేతిలో ఉన్న పని అదొక్కటే అనిపించింది.

కెజియాని క్షమించమని అడిగాను. ముప్ఫై నాలుగేళ్ళలో ఏ పిల్లనీ అలా అడగలేదు. "ఇట్స్ ఓకే అమ్మమ్మా" అంది. క్లాసు టీచరుతో చెప్పినట్టు చెప్పింది. మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. నా దగ్గర కూర్చోదు.

పోయిన గురువారం ఎంబసీ నుంచి ఫోను వచ్చింది. ముప్ఫయ్యో తారీకు హైదరాబాదు విమానంలో నాకు సీటుందట. పెద్దవాళ్ళకి ముందు ఇస్తున్నారట. నిజం చెబుతాను. సెలిన్‌కి కూడా చెప్పకముందే పెట్టె మంచం మీద పెట్టి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాను. ఈ గోడల మధ్య నుంచి బయటపడితే చాలనిపించింది. కూతురు ఉంది, లేచి తిరుగుతోంది, ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

కెజియా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వెళ్ళిపోతున్నావా?"

"అవునమ్మా."

"అమ్మ జులైలో మళ్ళీ డ్యూటీకి వెళ్తుంది. మళ్ళీ వస్తే?"

"రాదులే. వస్తే నాకు ఫోను చెయ్యి."

"చెయ్యొద్దంటుంది కదా అమ్మమ్మా. నీకు బీపీ అంటుంది. డాడీ కూడా అదే అంటాడు. జెమ్మీ చిన్నది అంటారు." పెట్టె వైపు చూసింది. "ఇంక నాకొక్కదానికే ఏదీ చెప్పొద్దని అమ్మతో చెప్పవా?"

దాని గొంతులో కోపం లేదు. మంచినీళ్ళు ఇవ్వమన్నట్టు అడిగింది. నేను ఫోను లాక్కోవడమే దాని బాధనుకున్నాను ఇన్నాళ్ళూ. అది రెండోది.

సెలిన్ దగ్గరికి వెళ్ళాను. జబ్బు మనిషని చూడలేదు. "పదమూడేళ్ళ పిల్ల మీద ఎలా పెట్టావే అంత బరువు?" అన్నాను.

"నీ మీద పెడితే నువ్వు పడిపోతావని భయం. పడిపోతే పిల్లలకి ఎవరున్నారమ్మా?"

"అది పడిపోలేదా? ఎదురింటావిడ కిటికీ దగ్గర నిలబడి నీ ఆక్సిజన్ లెక్క అడుగుతుంటే చూశాను. నన్ను చూసి ఫోను చేతిలో పెట్టేసింది. ఒక్క చుక్క కన్నీరు లేదు."

"నువ్వు వెళ్ళు అమ్మా, నేను చూసుకుంటాను" అంది. ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది, మళ్ళీ ఏదన్నా అయితే ఇది మళ్ళీ కెజియాకే చెబుతుంది. లెవిని అక్కణ్ణుంచి ఇంకా కదలనివ్వడం లేదు, చెప్పడానికి ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉండదు.

ఎంబసీకి ఫోను చేసి సీటు వద్దన్నాను. జాబితాలో నా తర్వాత ఉన్నావిడకి ఇస్తామన్నారు. నేను సంతోషంగా వదులుకున్నానని అనుకోకండి. చీరలు మళ్ళీ అలమరలో సర్దుతుంటే నాకు ఏడుపొచ్చింది. కానీ సెలిన్‌కి ఒక షరతు పెట్టాను. డ్యూటీకి వెళ్ళేముందు అందరి ఎదురుగా అన్నీ చెప్పాలి.

నిన్న మధ్యాహ్నం అన్నాలకి ముందు చెప్పింది. ఏ వార్డులో వేశారు, ఎన్ని రోజులు ఇంటికి రాదు, మళ్ళీ జబ్బు చేస్తే ఎవరికి ముందు ఫోను వస్తుంది. నాకు వస్తుంది. జెమీమా అంతా విని, "నువ్వు చచ్చిపోతావా?" అని అడిగింది. "తెలియదు. చాలామంది బాగవుతున్నారు. నేను ఒకసారి బాగయ్యాను కదా" అంది సెలిన్.

అప్పుడు ఏడ్చింది కెజియా. బల్ల మీద తల పెట్టుకుని, పెద్దగా, పక్కింటికి వినపడేలా. దాన్ని చూసి జెమీమా కూడా ఏడ్చింది. సెలిన్ లేవబోయి ఆయాసంతో మళ్ళీ కూర్చుంది. నేను ఎవర్నీ ఊరుకోమనలేదు. చారు చల్లారిపోయింది. నలుగురం మూడు గంటలకి తిన్నాం.

మేరీకుమారి